పాలు పొంగితే ఆగే ఆటే ఆట

నాకు నలభై దాటాయి. ఇద్దరు పిల్లల తల్లిని, ఇంటి పని మొత్తం నాదే. వీడియో గేమ్స్ ఆడతాను. ఈ మూడు మాటలు ఒక్కసారే చెప్తే మన వనపర్తిలో గానీ, గద్వాలలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ ఎదుటివాళ్ల మొహం ఎట్లా మారుతుందో మీకు తెలుసు. "పనేం లేదా?" అనే ప్రశ్న పెదాల దాకా వచ్చి ఆగుతుంది. కొందరికి ఆగదు కూడా.

ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు రాస్తున్నా. దాంతోపాటు నేను ఆడిన ఆటల్లో ఏవి నచ్చాయి, ఏవి మన ఇంటి గడప తొక్కనివ్వకూడదు, ఎందుకు అన్నది కూడా చెప్తా. ఎందుకంటే ఆటల గురించి మాట్లాడేవాళ్లలో నాకు రెండు రకాలవాళ్లే కనిపిస్తున్నారు. "సెల్‌ఫోన్ ఆటలన్నీ విషమే" అనేవాళ్లు ఒక రకం. వాళ్లు ఒక్క ఆటను కూడా పది నిమిషాలు ఆడి చూసి ఉండరు. ఆ ఆటలు అమ్ముకునేవాళ్లు ఇంకో రకం. అదే ఫోన్‌తో, అవే పిల్లలతో, అదే ఖర్చుతో రోజూ ఇల్లు నడిపే మనల్ని మాత్రం ఎవరూ అడగరు.

నా కొలత చాలా చిన్నది. పొయ్యి మీద పాలు పెట్టి ఆడుతుంటే, పాలు పొంగినప్పుడు ఆట ఆగాలి. నేను తిరిగొచ్చేదాకా అక్కడే ఉండాలి. ఆగినందుకు శిక్ష వేయకూడదు, డబ్బు అడగకూడదు, రాత్రి పదకొండింటికి ఫోన్ మోగించి "మళ్లీ రా" అని పిలవకూడదు. ఈ కొలతకు నిలబడితే అది ఆట. నిలబడకపోతే, అది ఆట వేషం కట్టిన దుకాణం.

ముందు ఆ "పనేం లేదా" సంగతి తేల్చుకుందాం. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటి పనిలో చెయ్యి వేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకునే సమయం ఈ లెక్కలో లేదు, అది వేరే. అంటే దాదాపు అయిదు గంటల పని చేసిన మనిషిని పట్టుకుని "పనేం లేదా" అంటున్నారన్నమాట. మూడున్నర గంటల ఐపీఎల్ మ్యాచ్‌ను కాలు మీద కాలేసుకుని చూసే మనిషిని ఆ ప్రశ్న అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మగవాళ్ల తీరిక నోటు లాంటిది, ఒక్క ముక్కగా దొరుకుతుంది. మన తీరిక చిల్లర పైసలు. కుక్కర్ మూడో కూత వచ్చేలోపు ఎనిమిది నిమిషాలు. నల్లా వచ్చేదాకా పది నిమిషాలు. ట్యూషన్ దగ్గర పిల్ల బయటికి వచ్చేదాకా పావుగంట. సినిమా చూడటానికి సరిపోదు, పుస్తకం పట్టుకుంటే పేజీ దాటదు. ఆ చిల్లరతో కొనుక్కోగలిగిన సంతోషం ఏదైనా ఉందంటే అది చిన్న ఆటే. ఈ విషయం మన ఇంట్లోవాళ్లకు అర్థం కాలేదు గానీ కంపెనీలకు ఎప్పుడో అర్థమైంది. వాళ్ల కన్నంతా మన చిల్లర మీదే.

ఆడవాళ్లు ఆడటం మన దగ్గర కొత్తేం కాదు కదా. బతుకమ్మ తొమ్మిది రోజులు ఊరంతా చూస్తుండగానే ఆడతాం. "బతుకమ్మ ఆడదాం రా" అనే అంటాం, ఇంకో మాట వాడం. అక్కడ ఎవరూ ముక్కు మీద వేలేసుకోరు. అంటే ఆడవాళ్ల ఆటకు దేవుడి పేరు తోడుంటేనే అనుమతి, ఒట్టి సరదాకు లేదు. మన అవ్వలు మాత్రం ఈ అనుమతి అడగలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద సుద్దతో గడులు గీసి, చింతపిక్కలు అరగదీసి అష్టాచమ్మా ఆడారు. వామనగుంతలు, గచ్చకాయలు, పులి-మేక ఆడారు. పిల్ల ఏడిస్తే లేచి పోయేవాళ్లు. కాయలు ఎక్కడివక్కడే ఉండేవి. తిరిగొచ్చి "నా వంతు" అంటే నీ వంతే. పాలు పొంగితే ఆగే ఆట అంటే నా ఉద్దేశం అదే. నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు, మన అరుగుల మీద ఎప్పటి నుంచో ఉన్న మర్యాద.

ఆ మర్యాద ఏమైందో చూడండి. మన పచ్చీసును తెల్లవాళ్లు తీసుకెళ్లి కాస్త మార్చి, 1896లో ఇంగ్లండ్‌లో లూడో పేరుతో పేటెంట్ చేయించుకున్నారు. నూట ఇరవై ఏళ్లకు, 2016లో, నవీ ముంబైలో లూడో కింగ్‌గా ఫోన్‌లోకి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా ఆడింది, మేమూ ఆడాం. హైదరాబాద్‌లో ఇరుక్కుపోయిన చెల్లెలు, ఊళ్లో అమ్మ, ఇక్కడ నేను రాత్రిపూట ఒకే ఆటలో కూర్చున్నాం. ఆ మేలు మరిచిపోను. కానీ అరుగు మీద అష్టాచమ్మాకు లేనిది ఇందులో ఒకటుంది. ఆటకూ ఆటకూ మధ్య ప్రకటన. ఆట మనదే, అరుగూ మనదే, మధ్యలో కూర్చున్న అమ్మకందారుడు మాత్రం కొత్త.

అమ్మకం ఎంత ముదిరిందో తెలియాలంటే క్యాండీ క్రష్ చూడాలి. ఈ బ్లాగు చదివేవాళ్లలో సగం మంది ఆడి ఉంటారు. 2012లో వచ్చింది. రంగులు బాగుంటాయి, మిఠాయిలు పగిలే చప్పుడు చెవికి ఇంపుగా ఉంటుంది, వేలితో జరిపితే చాలు. చేసినవాళ్లకు పని తెలుసు, కాదనను. కానీ లోపలి యంత్రం చూడండి. మీకు అయిదు ప్రాణాలు ఇస్తారు. ఓడిన కొద్దీ ఒక్కొక్కటే పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట. ఆగలేకపోతే డబ్బు కట్టండి, లేదా మీ చుట్టాలకు అభ్యర్థన పంపి విసిగించండి. ఇక్కడ ఆట ఆపేది మనం కాదు, వాళ్లు. మన చేతులు ఊపు మీద ఉన్నప్పుడు చూసి ఆపుతారు. మనం ఆపి పనిలో పడ్డప్పుడు ప్రాణాలు నిండాయని పిలుస్తారు. పాలు పొంగినప్పుడు కాదు, వాళ్ల గల్లా పెట్టె ఖాళీ అయినప్పుడు ఆగే ఆట ఇది.

"ఉచితమే కదా" అంటారు. ఉచితంగా ఇచ్చే ఆట చేసిన కంపెనీని 2016లో ఇంకో పెద్ద కంపెనీ 590 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. ఉచితానికి అంత ధర ఎక్కడి నుంచి వచ్చింది? గద్వాల చీర కొనండి. నేసినాయన ధర చెప్తాడు, మనం బేరమాడతాం, డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. ఆ చీర ఇక మనదే. ఇంటికొచ్చాక కుచ్చిళ్లు పెట్టుకోవడానికి పది రూపాయలు, కొంగు వేసుకోవడానికి ఇంకో ఇరవై అని ఏ నేతన్నా అడగడు. ధర ఒక్కసారి చెప్పడం అనేది వ్యాపారంలో కనీస మర్యాద. ఆ మర్యాద లేని సరుకును మన బజారులో అయితే దుకాణం ముందే నిలబడి కడిగేస్తాం. ఫోన్‌లో అయితే నోరు మెదపం.

ఇక రమ్మీ. దాన్ని నేను ఆటల్లో లెక్కే వేయను. అయినా రాయక తప్పదు, ఎందుకంటే మన జిల్లాల్లో "గేమ్" అనే మాటకే చెడ్డపేరు తెచ్చింది అదే. మాకు తెలిసిన ఒకింట్లో, కొడుకు కాలేజీ ఫీజు కోసం ఆమె రెండేళ్లు కట్టి ఎత్తుకున్న చిట్టీ పైసలు నాలుగు రాత్రుల్లో ఆయన ఫోన్‌లో పోయాయి. ఇట్లాంటి ఇల్లు మీకూ ఒకటి తెలిసే ఉంటుంది. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించింది. కర్ణాటక 2021లో చట్టం చేస్తే, 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. మా నడిగడ్డ సంగతి తెలిసినవాళ్లకు దీని అర్థం విడమర్చి చెప్పనక్కర్లేదు. గద్వాల నుంచి రాయచూరుకు రైలుంది. ఇక్కడ తప్పయింది, రైలు దిగితే ఒప్పు. జూదానికి సరిహద్దు కట్టడం తూముకు జల్లెడ అడ్డం పెట్టినట్టే.

చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసి, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మంచి పనే. ఎప్పుడో చేయాల్సింది. కానీ ఆ చట్టం మీద టీవీలో మాట్లాడిన పెద్దమనుషులను మీరు గమనించారా? రమ్మీ, పిల్లల ఆటలు, మనం ఆడుకునే చిన్న ఆటలు, అన్నీ ఒకే గంపలో వేసి "గేమింగ్ పిచ్చి" అన్నారు. చట్టమే ఆ మూడింటినీ వేరు చేసి చూపింది. డబ్బు ఆట వేరు, పోటీ ఆట వేరు, సరదా ఆట వేరు అంది. చట్టానికి ఉన్నపాటి తెలివి కూడా మన మాటల్లో లేదు. ఇంకో వంక, గెలిస్తే డబ్బు రాదు కాబట్టి, ప్రాణాలు అమ్ముకునే "ఉచిత" ఆటలు డబ్బు ఆటల్లోకి రావు. వాటి కాపలా మాత్రం మనదే.

పేకముక్కలే చెడ్డవి అనేవాళ్లకు ఒక ఆట చూపిస్తా. బలాట్రో అని 2024లో వచ్చింది. పేరు బయటపెట్టని ఒక్క మనిషి తయారుచేసింది. పేకలోని జతలు, వరుసలు చేస్తూ పాయింట్లు కూడగట్టాలి. జోకర్లు కొని ఆ పాయింట్లను రెట్టింపు, పదింతలు చేసుకోవాలి. డబ్బు ఆటలోదే, మన పర్సులోది ఒక్క పైసా కదలదు. మా చిన్నప్పుడు మామిడి తోటల్లో, పండుగ రోజుల్లో మగవాళ్లు పేక ముందర కూర్చుంటే టీ గ్లాసులు అందించడమే మన వంతు. పేకలో ఇంత లెక్క, ఇంత ఎత్తుగడ ఉందని నాకు ఈ ఆటతోనే తెలిసింది. ఎక్కడంటే అక్కడ ఆపొచ్చు, మూడు రోజుల తర్వాత తెరిచినా అదే చోట ఉంటుంది. లోపం లేదని కాదు. "ఇంకొక్క ఆట" అనిపించే గుణం దీనికి మస్తుగా ఉంది. బియ్యం కడిగి పెట్టుకుని కూర్చోవద్దు. కానీ ఆ లాగుడు ఆట రుచి వల్ల వచ్చింది, మన జేబు కోసం పన్నింది కాదు.

విచిత్రం వినండి. ఐరోపాలో ఆటలకు వయసు ముద్ర వేసే సంస్థ ఈ బలాట్రోకు, పేక ఉందని, 18 ఏళ్లు దాటినవాళ్లకే అని ముద్ర వేసింది. అసలు డబ్బుతో ఆటగాళ్ల పొట్లాలు కొని, లోపల ఎవరు తగులుతారో అని అదృష్టం చూసుకునే ఫుట్‌బాల్ ఆటకు మాత్రం అప్పుడు 3 ఏళ్ల ముద్రే ఉండేది. గొడవయ్యాక 2025లో బలాట్రో ముద్రను 12కు తగ్గించారు. పేకముక్క బొమ్మ కనిపిస్తే భయపడ్డారు, లాటరీ పొట్లం ఎదురుగా ఉంటే కళ్లు మూసుకున్నారు. మన ఇళ్లలో పెద్దలూ అట్లాగే ఉన్నారు. బొమ్మను చూసి తీర్పు చెప్తారు, లోపల డబ్బు ఎటు పోతోందో చూడరు.

ఇప్పుడు మగపిల్లల ఆట. పబ్జీ. 2020 సెప్టెంబరు 2న మన దేశంలో నిషేధించారు. 2021లో బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జులైలో మళ్లీ తీసేశారు. 2023లో మళ్లీ వచ్చింది. ఆ మూడేళ్లలో తల్లులు మాత్రం "అన్నం చల్లారుతుంది, ఆపురా" అని అరుస్తూనే ఉన్నారు, పిల్లలు "పాజ్ లేదమ్మా" అని అరుస్తూనే ఉన్నారు. అక్కల్లారా, వాడు అబద్ధం చెప్పట్లేదు. వంద మంది ఒకేసారి దిగే ఆట అది. వీడొక్కడు ఆగమంటే మిగతావాళ్లు ఆగరు. కబడ్డీ కూత మధ్యలో "కొంచెం ఆగు, అమ్మ పిలుస్తుంది" అంటే కుదురుతుందా? ఒక మ్యాచ్ దాదాపు అరగంట. అది తెలిస్తే అన్నం వడ్డించే ముందు కాదు, అరగంట ముందు "ఇంక కొత్తది మొదలుపెట్టకు" అని చెప్తాం. ఫోన్ నేలకేసి కొట్టడం కంటే ఇది చవక. నాకు ఆ కాల్పుల ఆట నచ్చదు, నేను రెండుసార్లు ఆడి దిగిన నిమిషానికే చచ్చాను. కానీ నచ్చకపోవడం వేరు, తెలియకపోవడం వేరు.

ఇక్కడే నాకు మండేది ఒకటుంది. పాజ్ లేని ఆట ఆడే కొడుకు కోసం ఇంట్లో అన్నం ఆగుతుంది. "పాపం మ్యాచ్‌లో ఉన్నాడు" అని మూత పెట్టి మరీ ఎదురుచూస్తాం. పాజ్ ఉన్న ఆట ఆడే తల్లిని మాత్రం, ఎట్లాగూ ఆపొచ్చు కదా అని, అయిదు నిమిషాలకోసారి లేపుతారు. రిమోట్ ఎక్కడుంది, తువ్వాలు ఎక్కడుంది, ఛార్జర్ ఎక్కడుంది. నేను పాజ్ ఉన్న ఆట ఎంచుకున్నది పాల కోసం. అంతేగానీ తువ్వాలు కళ్ల ముందే ఉన్నా కనపడని మనుషుల కోసం కాదు.

కోపం పక్కన పెట్టి, నాకు బాగా నచ్చిన మూడు ఆటల గురించి చెప్తా. మూడింటికీ ధర ఒక్కసారే. పిల్లవాడి చదువుకని కొన్న ల్యాప్‌టాప్‌లో ఆడినవి.

మొదటిది అన్‌ప్యాకింగ్. ఆస్ట్రేలియాలో ఒక చిన్న బృందం చేసింది, 2021లో వచ్చింది. ఆటంతా అట్టపెట్టెలు విప్పి సామాను సర్దడమే. నవ్వకండి. ఒక అమ్మాయి 1997 నుంచి 2018 దాకా ఎనిమిదిసార్లు ఇల్లు మారుతుంది. ఆమె మొహం ఒక్కసారి కూడా కనిపించదు, ఒక్క మాట మాట్లాడదు. ఆమె సామాన్లను బట్టే ఆమె బతుకు మనకు తెలుస్తుంది. 2010లో ఆమె ఒక మగవాడి ఇంటికి మారుతుంది. ఇల్లు నిండా అతని వస్తువులే. ఆమె డిగ్రీ పట్టా ఫ్రేమ్ కట్టించుకుని తెచ్చుకుంది. గోడ మీద పెట్టబోతే చోటు లేదు. బల్ల మీద పెట్టబోతే ఆట ఒప్పుకోదు. తిప్పి తిప్పి చూస్తే ఒక్కటే చోటు మిగులుతుంది. మంచం కింద.

నేను ఆట అక్కడ ఆపేసి కాసేపు కూర్చున్నాను. మీ పట్టా ఎక్కడుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బీరువా అడుగున పట్టుచీరల కిందనా? అమ్మగారింట్లో ట్రంకుపెట్టెలోనా? పెళ్లికి ముందు వనపర్తి కాలేజీలకూ, పాలమూరు కాలేజీలకూ బస్సుల్లో నిలబడి వెళ్లి చదివిన చదువు కదా అది. ఏ ఉపన్యాసమూ ఇంత సూటిగా చెప్పలేదు, ఎవరినీ తిట్టకుండా. చేత్తో మనమే ఆ పట్టాను మంచం కింద పెట్టాలి, అప్పుడుగానీ ఆట ముందుకు పోదు. వీడియో గేమ్ సినిమాలాంటిది కాదు అనడానికి నాకు దొరికిన అన్నిటికంటే మంచి రుజువు ఇదే. సినిమాలో అయితే ఆమెను చూసి జాలిపడేదాన్ని. ఇక్కడ పెట్టింది నా చెయ్యే.

రెండోది వెన్బా. 2023లో వచ్చింది. కెనడాలోని టొరంటోలో తయారైంది. 1988లో కెనడాకు వెళ్లిన ఒక తమిళ జంట, వాళ్లకు పుట్టిన కొడుకు, మధ్యలో అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం. పుస్తకం చిరిగిపోయింది, సగం అక్షరాలు చెరిగిపోయాయి. ఆ ఖాళీలు మన వంట తెలివితో పూరించుకుంటూ వండాలి. మొదటి వంట ఇడ్లీ. రేకులు ఎట్లా పేర్చితే ఆవిరి అన్నిటికీ అందుతుందో అన్నదే చిక్కుముడి. మా వాడు పావుగంట తంటాలు పడ్డాడు. నేను చూసిన మరుక్షణం పేర్చేశాను. ఆటల్లో నేను వాడి కంటే ముందున్నది ఆ ఒక్క పూటే అయినా, నా విద్యకు ఒక ఆటలో మార్కులు పడ్డాయి. ఈ ఆటకు 2024లో స్వతంత్ర ఆటల పండుగలో పెద్ద బహుమతి వచ్చింది. ఇడ్లీ రేకులు పేర్చడాన్ని ప్రపంచం విద్య అంటోంది. ఇంట్లో ఇంకా "టిఫినే కదా చేసింది" అంటున్నారు.

ఆ ఆటలో కొడుకు పెరిగి పెద్దయి, అమ్మ భాష సరిగా చదవలేక ఆ పుస్తకం ముందు నిలబడతాడు. డాలస్‌లోనో లండన్‌లోనో మనవళ్లున్న అత్తమ్మలు ఈ ఆట చూస్తే కళ్లు తుడుచుకుంటారు. దీని మీద నా ఫిర్యాదు ఒక్కటే, మరీ తొందరగా అయిపోతుంది. కానీ ఈ కథకు కెనడా దాకా పోవాలా? మన పాలమూరు నుంచి ముంబై బస్సెక్కి, పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి, మేస్త్రీ వెంట పోయిన తల్లులు ఎంతమంది! ఏడాదికోసారి వచ్చిన అమ్మను గుర్తుపట్టక అవ్వ కొంగు వెనక దాక్కున్న పిల్లలు ఎంతమంది! జొన్నరొట్టె చేత్తో తట్టడం ఇడ్లీ రేకులు పేర్చడం కంటే వంద రెట్లు కష్టమైన చిక్కుముడి. ఆ రొట్టె చుట్టూ, ఆ బస్సు చుట్టూ ఒక ఆట ఎవరైనా తెలుగులో చేస్తే నేను మొదటి రోజే డబ్బులు కట్టి కొంటా. ఛోటా భీమ్‌ను పుట్టించిన హైదరాబాద్‌కు ఇది చేతకాని పనేం కాదు.

మూడోది స్టార్‌డ్యూ వ్యాలీ. 2016లో వచ్చింది. అమెరికాలో ఒక్క యువకుడు నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని బొమ్మలు, పాటలు, అన్నీ తనే చేసుకున్నాడు. తాత వదిలిన పొలం సాగుచేయడమే ఆట. ఆటలో ఒక రోజు మనకు దాదాపు 14 నిమిషాలు. కుక్కర్ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. పొలం చుట్టూ ఊరు, ఊళ్లో మనుషులు, వాగులో చేపలు, వానాకాలం పాట, అన్నీ మనసుకు హాయిగా ఉంటాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట ఇదే. కానీ రైతు ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఒక మాట అనకుండా ఉండలేను. ఇరవై పెట్టి విత్తనం కొంటే నాలుగు రోజుల్లో పంట వస్తుంది, ముప్పై అయిదుకు అమ్ముడుపోతుంది. ఎప్పుడు అమ్మినా ముప్పై అయిదే! దళారి లేడు, తేమ శాతం లేదు, "ఈ రోజు కాంటా బంద్" అనేవాడు లేడు. ఇంత తియ్యని అబద్ధం నేను ఇంకోటి వినలేదు.

అదే ఆటలో ఒక నిజం కూడా ఉంది. తెర పక్కన ఒక నిలువు పట్టీ ఉంటుంది. అది మన ఒంట్లో సత్తువ. తవ్విన కొద్దీ, నీళ్లు పోసిన కొద్దీ తగ్గుతుంది. పూర్తిగా అయిపోయాక కూడా పని చేయిస్తే ఆ మనిషి సొమ్మసిల్లి పడిపోతుంది. మన గద్వాల విత్తన పత్తి చేలు గుర్తు తెచ్చుకోండి. మధ్యాహ్నం నుంచి మొగ్గలు వలవాలి, మర్నాడు పొద్దున పూట ఒక్కో పువ్వుకు చేత్తో పుప్పొడి అద్దాలి. ఆ చేలల్లో బడి మానేసిన ఆడపిల్లలు వంగి నిలబడ్డ కాలం మనం చూసిందే. వాళ్ల పక్కన ఏ పట్టీ కనిపించలేదు. ఎంత సత్తువ మిగిలిందో ఎవరూ చూడలేదు. బొమ్మ మనిషి అలసట తెర మీద కనిపిస్తే అయ్యో అని పడుకోబెడతాం. కన్నబిడ్డ అలసటకు, ఇంటి ఆడదాని అలసటకు కూడా ఒక పట్టీ ఉంటే బాగుండు అనిపిస్తుంది నాకు. అప్పుడు "పనేం లేదా" అని అడిగే ముందు ఒకసారి అటు చూసేవాళ్లు.

ఇన్ని చెప్పాక కూడా "తల్లి ఫోన్ పట్టుకుంటే పిల్లలు అదే నేర్చుకుంటారు" అనేవాళ్లు ఉంటారు. నేర్చుకోనివ్వండి. తల్లి ఆట మొదలుపెట్టడం చూస్తారు, పాలు పొంగగానే మూసేయడం కూడా చూస్తారు. ఆపడం అనే విద్య ఆడేవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి, తిట్టేవాళ్ల దగ్గర కాదు. కళ్లు, నిద్ర, మెడనొప్పి, ఇవన్నీ నిజమే. రాత్రి పదింటి తర్వాత ఆట లేదన్న నియమం మా ఇంట్లో అందరికీ ఒకటే, నాకూ, పిల్లలకూ, మ్యాచ్ చూసే ఆయనకూ.

కాబట్టి నేను అడిగేవి కొన్నే. ఏ ఆటైనా ఇంట్లోకి వచ్చేముందు మీరే పది నిమిషాలు ఆడి చూడండి. మధ్యలో ఆపితే ఏం చేస్తుందో చూడండి. ధర ఒక్కసారి చెప్పిందా, ప్రతి మలుపులో చెయ్యి చాపుతోందా చూడండి. చెయ్యి చాపేదాన్ని తీసిపారేయండి. పిల్లలు ఆడే ఫోన్‌లో యూపీఐ, కార్డు వివరాలు ఉంచకండి. డబ్బు పెట్టి డబ్బు గెలిచేది ఏ పేరుతో వచ్చినా, ఎవరు ప్రకటనలో నవ్వుతూ చెప్పినా, అది జూదమే. ఇంట్లో పట్టుబడితే సిగ్గుపడి దాచకండి, మొదటి వెయ్యి దగ్గరే నలుగురికీ చెప్పండి. చిట్టీ పైసలు పోయాక చెప్తే ఓదార్పు తప్ప ఇంకేం దొరకదు.

ఇవన్నీ అయ్యాక రోజుకు అరగంట మీది అనుకోండి. పని మిగిల్చుకుని కాదు, పని మధ్యలోనే. పని ఎప్పుడూ మిగిలే ఉంటుంది కాబట్టి, అది అయ్యేదాకా ఆగితే మన వంతు రాదు. ఆ అరగంటలో ఆట ఆడతారో, ఊరికే కిటికీ దగ్గర కూర్చుంటారో మీ ఇష్టం. లెక్క మాత్రం ఎవరికీ చెప్పకండి. 289 నిమిషాలకు ఏ రోజూ ఎవరూ మన దగ్గర లెక్క అడగలేదు. 30 నిమిషాలకు అడిగే హక్కు వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది?